ఆస్తమా అన్నారు, ఇంకో డాక్టరుకు చూపించుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 43. చిత్తూరు కట్టమంచిలో ఉంటాం. గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెప్తాను. దీపావళి తర్వాత పట్టుకున్న దగ్గు నాలుగు నెలలైనా వదల్లేదు. పగలు పర్వాలేదు. రాత్రి రెండు మూడు గంటలప్పుడు దగ్గుతో మెలకువ వస్తుంది. కొన్ని రాత్రులు పిల్లికూతలు కూడా వినిపిస్తాయని మా ఆయన అంటారు. మా ఫ్యామిలీ డాక్టర్ గారు స్టెత్ పెట్టి చూసి ఆస్తమా అన్నారు. పొద్దున, సాయంత్రం పరికరంలో పెట్టి పీల్చమని పొడిమందు బిళ్లలు, రోటాక్యాప్స్ రాశారు. కొంచెం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పరీక్షలేవీ రాయలేదు. మా అత్తగారేమో ‘ఆ పీల్చేది అలవాటైతే జన్మలో మానలేవు’ అంటున్నారు. మా తమ్ముడు రాయవేలూరులో (వెల్లూరు) ఉంటాడు, ‘సీఎంసీ ఆసుపత్రికి వచ్చెయ్ అక్కా’ అని రోజూ ఫోన్. కానీ మా డాక్టర్ గారు నా కాన్పుల నాటి నుంచి ఇంట్లో అందరినీ చూస్తున్నారు. ఆయనకు తెలియకుండా వెళ్తే బాగుండదు, చెప్పి వెళ్తే ఏమనుకుంటారో అని టెన్షన్. పోయిన ఉగాదికి తిరుపతిలో చెకప్ చేయించుకుంటే బీపీ ఉందని బిళ్ల రాశారు, అది వాడుతున్నాను. రాత్రి ఆలస్యంగా తింటే గుండెల్లో మంట కూడా ఉంటుంది. వేరే డాక్టరుకు చూపించుకోవాలా? అంతవరకు ఇన్‌హేలర్ ఆపేయమంటారా?
– పేరు వద్దన్న పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. ఇన్‌హేలర్ ఆపకండి. మీకున్నది నిజంగా ఆస్తమానే అయితే, మందు ఆపిన వారంలోనో రెండు వారాల్లోనో ఒక అర్ధరాత్రి గట్టి ఆయాసం రావచ్చు. ఆస్తమా కాదని తేలితే అప్పుడు డాక్టరే మాన్పిస్తారు, ఈలోగా రాసిన డోసే ఇంకొన్ని రోజులు పీల్చినందువల్ల పెద్ద నష్టమేమీ ఉండదు.

ఇక ఇంకో డాక్టరు సంగతి. మీ డాక్టర్ గారిది తొందరపాటు అని నేననను. తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు, పీల్చే మందుతో కొంత తగ్గడం, ఇవన్నీ వింటే నాకైనా మొదట తోచేది ఆస్తమానే. బాగా అనుభవం ఉన్నవాళ్లు వినే పట్టేస్తారు, చాలాసార్లు అది నిజం కూడా అవుతుంది. అయినా ఏళ్ల తరబడి మందు వాడాల్సిన జబ్బుకు ఒక కొలత ఉండాలి. షుగరు ఉందని ఎవరైనా రక్తం చూడకుండా చెప్తే మీరు ఒప్పుకోరు. ఊపిరితిత్తులకు కూడా అలాంటి పరీక్ష ఉంది, దాని పేరు స్పైరోమెట్రీ. కొన్నిచోట్ల పీఎఫ్‌టీ అంటారు. మీ విషయంలో జరగనిది అదే. కాబట్టి నా సలహా, డాక్టరును మార్చే ముందు ఆ పరీక్ష చేయించుకోండి.

ఇది ఎంత అవసరమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. కెనడాలో, గడిచిన ఐదేళ్లలో ఆస్తమా అని డాక్టర్లు చెప్పిన 613 మంది పెద్దవాళ్లను మళ్లీ పిలిచి ఒక పద్ధతిగా పరీక్షలు చేశారు. 33 శాతం మందికి ఆ సమయానికి ఆస్తమా లేదని తేలింది. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. వాళ్లలో కొందరికి మొదట్లో ఆస్తమా ఉండి తర్వాత తగ్గిపోయి ఉండొచ్చు. కానీ 12 మందికి గుండెకో ఊపిరితిత్తులకో సంబంధించిన పెద్ద జబ్బు ఉంటే, దాన్ని ఆస్తమా అనుకున్నారు. ఆస్తమా లేదని తేలినవాళ్లలో మొదట్లో ఊపిరి పరీక్ష జరిగినవాళ్లు తక్కువని కూడా ఆ అధ్యయనంలోనే కనిపించింది. నాకు ముఖ్యంగా అనిపించే సంగతి ఇదే.

పరీక్ష ఎలా ఉంటుందో చెప్తాను, ముందే తెలిస్తే భయం ఉండదు. ముక్కుకు చిన్న క్లిప్పు పెడతారు. నోట్లో గొట్టం పెట్టుకుని, పెదవులు గట్టిగా మూసి, రొమ్ము నిండా గాలి తీసుకుని ఒక్కసారిగా ఊదాలి. పక్కన నిలబడ్డ టెక్నీషియన్ ‘ఊదమ్మా, ఊదు, ఊదు, ఇంకా ఊదు’ అని గట్టిగా అరుస్తుంటాడు. కోప్పడుతున్నాడని అనుకోకండి, లోపలి గాలంతా బయటికి రావాలంటే ఆరు సెకన్లయినా ఆపకుండా ఊదాలి మరి. చాలామంది రెండు సెకన్లకే ఆగిపోతారు. కనీసం మూడుసార్లు సరిగ్గా వచ్చేదాకా ఊదిస్తారు. తర్వాత సాల్బుటమాల్ అనే పీల్చే మందు నాలుగు పఫ్‌లు ఇచ్చి, పావుగంట కూర్చోబెట్టి, మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికి వచ్చిన గాలిని ఎఫ్‌ఈవీ1 అంటారు. మందు తర్వాత అది కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే, బిగుసుకున్న గాలి గొట్టాలు మందుకు విప్పుకున్నాయని అర్థం. మీ కథకు అది కూడా తోడైతే ఆస్తమా అని నమ్మకంగా చెప్పొచ్చు.

రెండు జాగ్రత్తలు. మీరిప్పటికే మందు వాడుతున్నారు కాబట్టి పరీక్ష మామూలుగా రావచ్చు. పరీక్షకు ముందు ఏ మందు ఎన్ని గంటలు ఆపాలో డాక్టరునే అడగండి. సాల్బుటమాల్ అయితే నాలుగు గంటలు చాలు, మిగతావాటికి ఎక్కువసేపు కావాలి. రెండోది, ఆస్తమా వస్తూ పోతూ ఉండే జబ్బు. బాగున్న రోజున ఊదితే బాగానే వస్తుంది. ఒక్కసారి నార్మల్ వచ్చిందని ఆస్తమా లేదని తేల్చేయకూడదు. అలాంటప్పుడు పీక్ ఫ్లో మీటర్ అని చిన్న ప్లాస్టిక్ గొట్టం దొరుకుతుంది, కొన్ని వందల రూపాయలు ఉంటుంది. రెండు వారాలు పొద్దున, రాత్రి ఊది అంకెలు రాసుకుంటే ఊపిరి ఎంత ఎగుడుదిగుడుగా ఉందో కాగితం మీద కనిపిస్తుంది. లెక్కల టీచరు, గ్రాఫ్ గీసి తీసుకెళ్తే మీ డాక్టర్ గారు సంతోషిస్తారు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నేను ఆగి మళ్లీ చదివిన మాట ఒకటుంది. బీపీ బిళ్ల. పేరు రాయలేదు. అది రాసింది తిరుపతి డాక్టరు, దగ్గుకు చూస్తున్నది చిత్తూరు డాక్టరు. ఈయనకు ఆ బిళ్ల సంగతి తెలుసా? అట్ట తీసి చూడండి. మందు పేరు ‘ప్రిల్’ అని ముగిస్తే, అంటే ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివైతే, కొందరిలో ఆ మందే విడవని పొడిదగ్గు తెస్తుంది. మొదలుపెట్టిన కొన్ని నెలలకు కూడా రావచ్చు. ‘లోల్’ అని ముగిస్తే, అటెనలోల్, ప్రొప్రనలోల్ లాంటివైతే, ఆస్తమా ఉన్నవాళ్లలో గాలి గొట్టాలను ఇంకా బిగించగలదు. ఈ రెండూ కాకుండా ఆమ్లోడిపిన్ అయితే దగ్గుకు దాని మీద పెద్దగా అనుమానం అక్కర్లేదు. ఏదైనా సరే, మీ అంతట మీరు బీపీ బిళ్ల మానకండి. మార్చడానికి వేరే మందులున్నాయి, అది డాక్టరు ఒక్క నిమిషంలో చేసే పని. ప్రిల్ మందు మార్చాక దగ్గు తగ్గడానికి ఒకటి నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. రెండు రోజుల్లో తగ్గలేదని నిరాశ పడొద్దు. పిల్లికూతలు మాత్రం ఈ దగ్గుతో వచ్చేవి కావు. అవి నిజంగా ఉంటే కథ ఆస్తమా వైపే ఉంటుంది. ఈసారి వినిపించినప్పుడు మీ ఆయన్ను ఫోన్లో రికార్డు చేయమనండి. డాక్టరుకు అది వినిపిస్తే చాలా ఉపయోగం.

గుండెల్లో మంట కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే. కడుపులోని పులుపు పైకి తన్ని రాత్రి దగ్గు తెప్పిస్తుంది. రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించి, మూడు గంటలాగి పడుకుని చూడండి. ముక్కు వెనకనుంచి గొంతులోకి చీమిడి జారుతున్నా ఇలాగే దగ్గు వస్తుంది.

మన వైపు ఇంకో మాట ఎక్కువగా వింటాం, ‘రక్తంలో ఇస్నోఫీలియా ఉందన్నారు’ అని. అంటే ఇస్నోఫిల్స్ అనే తెల్లకణాలు పెరగడం. అవి కొంచెం పెరగడం అలర్జీ ఉన్న ఎవరిలోనైనా కనిపిస్తుంది, ఆస్తమాలోనూ ఉంటుంది. కానీ లెక్క 3000 దాటి, రాత్రి దగ్గు, పిల్లికూతలు ఉంటే, అది ఫైలేరియా పురుగుల వల్ల వచ్చే వేరే జబ్బు కావచ్చు. దానికి డీఈసీ బిళ్లలు మూడు వారాలు వాడతారు. ఇన్‌హేలర్‌తో అది పోదు. అందుకే మామూలు రక్త పరీక్ష ఒకటి అవసరం. అలాగే రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా టీబీ పరీక్ష చేయాలి, మీది నాలుగు నెలలది. గవర్నమెంటు ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం. టీచరమ్మ అక్కడికి వెళ్తే ఎవరైనా చూస్తారేమో అన్న మొహమాటం దయచేసి పెట్టుకోకండి.

ఇంకొకటి, మందు సరిగ్గా లోపలికి వెళ్తోందా? ‘తగ్గలేదు’ అని వచ్చిన ప్రతి ఒక్కరినీ నేను ముందు ‘నా ఎదురుగా పీల్చి చూపించండి’ అనేవాణ్ణి. ఒకావిడ రోటాక్యాప్ బిళ్లను రోజూ నీళ్లతో మింగేది. అది మింగే మందు కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. బిళ్లను పరికరంలో పెట్టి తిప్పాక, ముందు ఊపిరి బయటికి వదలాలి, పరికరంలోకి కాదు, పక్కకు. తర్వాత పెదవులు మూసి వేగంగా, లోతుగా పీల్చాలి. పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. బిళ్లలో పొడి మిగిలితే మళ్లీ పీల్చాలి. చివర్లో నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. ఇది సరిచేసుకోకుండా పదిమంది డాక్టర్ల దగ్గరికి వెళ్లినా అదే మందు పేరు మార్చి రాస్తారు.

మీ అత్తగారి భయాన్ని తీసిపారేయకండి. ఆవిడ కాలంలో ఆస్తమాకు రాత్రికి రాత్రి ఇంజెక్షన్లు, స్టెరాయిడ్ బిళ్లలే దిక్కు. వాటివల్ల ముఖాలు ఉబ్బినవాళ్లను ఆవిడ చూసి ఉంటారు. పీల్చే మందులో స్టెరాయిడ్ మైక్రోగ్రాముల్లో ఉంటుంది, బిళ్లల్లో మిల్లీగ్రాముల్లో. మీ పిల్లలకు చెప్పినట్టు ఆవిడకూ చెప్పండి, మిల్లీగ్రాములో వెయ్యో వంతు మైక్రోగ్రాము. అదీ నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. దీనికి అలవాటు పడటం అంటూ లేదు. అవసరం తగ్గితే డోసు తగ్గుతుంది.

డాక్టర్ గారితో మాట్లాడటం గురించి. మీరు ఆయన్ను పరీక్షిస్తున్నట్టు కాక, సాయం అడుగుతున్నట్టు మాట్లాడండి. ‘సార్, మీ మందుతో కొంచెం తగ్గింది. ఎన్నాళ్లు వాడాలో ఏమో అని ఇంట్లో అందరికీ దిగులుగా ఉంది. ఒకసారి పీఎఫ్‌టీ చేయించుకుంటాను, రాసివ్వండి. ఈ బీపీ బిళ్ల కూడా చూడండి.’ ఇంతే చాలు. పరీక్ష తన క్లినిక్కులో లేకపోతే ఎక్కడ చేస్తారో ఆయనే చెప్తారు. పేషెంటు ఇంకో అభిప్రాయం అడిగితే బాధపడే డాక్టర్లు లేరని చెప్పను, కానీ నాకు తెలిసిన మంచి డాక్టర్లెవరూ బాధపడరు. ఆయనే ఒక చీటీ రాసిచ్చి పంపితే అంతకన్నా మేలు లేదు, అవతలి డాక్టరుకు మీ కథ మొదటినుంచీ తెలుస్తుంది. రెండో అభిప్రాయం తీసుకోవడం మీ హక్కని జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనూ ఉంది. అయితే ఈ మాట ఆయన ముందు ఎత్తాల్సిన పని మీకు రాదనే అనుకుంటున్నాను.

మరి రాయవేలూరు ఎప్పుడు? పరీక్ష ఎందుకని ఆయన కొట్టిపారేస్తే వెళ్లండి. పరీక్షలో తేలింది ఒకటి, మీ బాధ ఇంకొకటి అయితే వెళ్లండి. మందు సరిగ్గా పీలుస్తూ రెండు మూడు నెలలైనా రాత్రి దగ్గు పోకపోతే వెళ్లండి. కఫంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, సాయంత్రం జ్వరం వస్తున్నా, వెల్లకిలా పడుకుంటే ఆయాసమొచ్చి కాళ్లకు వాపు ఉన్నా అంతవరకు కూడా ఆగొద్దు. సీఎంసీ దాకానే వెళ్లాలని కూడా లేదు, తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. ఎక్కడికెళ్లినా పాత చీటీలు, ఎక్స్‌రే తీసి ఉంటే ఆ ఫిల్ము, వాడుతున్న మందుల అట్టలన్నీ, ఇన్‌హేలర్‌తో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. మన జిల్లాలో చిన్న జ్వరానికి కూడా రాయవేలూరు బస్సెక్కే అలవాటు ఉంది. వెళ్లడం తప్పు కాదు, కానీ వచ్చాక ఇక్కడ ఒకరు మిమ్మల్ని నెలనెలా చూడాలి కదా. ఆ ఒకరు మీ ఫ్యామిలీ డాక్టరే అయితే మంచిది.

ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, మందు పీల్చినా ఉపశమనం లేకపోయినా, ఏ డాక్టరు అన్న ఆలోచనే వద్దు. 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ప్రశ్న: నా వయసు 27, కుప్పం. బెంగళూరులో ఉద్యోగం. ఆరు నెలల కింద స్పైరోమెట్రీ చేసి, మందు తర్వాత 18 శాతం, 350 మిల్లీలీటర్లు పెరిగిందని ఆస్తమా అన్నారు. ఇన్‌హేలర్ మొదలుపెట్టాక దగ్గు లేదు, బాగా నిద్రపోతున్నాను, షటిల్ ఆడుతున్నాను. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. ‘ఇంకో డాక్టరుకు చూపిద్దాం, ఆస్తమా కాదంటారేమో’ అని నాన్న, మృగశిర కార్తెకు హైదరాబాద్ చేప మందుకు తీసుకెళ్తానని అమ్మ. ఏం చేయమంటారు?

జవాబు: నాయనా, నీకు రెండో అభిప్రాయం అవసరం లేదు. పరీక్ష జరిగింది, అంకెలు స్పష్టంగా ఉన్నాయి, మందుకు గుణం కనిపించింది. ఈ మూడూ ఉన్నాక కూడా ఇంకొకరి కోసం వెతకడం అంటే నచ్చిన మాట చెప్పేవాళ్ల కోసం తిరగడమే. అలా తిరిగేటప్పుడు ఎవరో ఒకరు ‘ఇన్‌హేలర్ మానెయ్, నా పొడి వాడు’ అంటారు. పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటే మొదట అద్భుతంగా తగ్గుతుంది, తర్వాత ఒళ్లు గుల్లవుతుంది. అమ్మ మాట కాదనలేక చేప మందుకు వెళ్తే వెళ్లు. అది ఆస్తమాను నయం చేస్తుందని పరీక్షల్లో రుజువు కాలేదు. ఆ రోజు కూడా ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, పొద్దుటి డోసు పీల్చే బయలుదేరాలి. మూడు నెలలకు పైగా బాగున్నావు కాబట్టి డోసు తగ్గించవచ్చా అని మీ డాక్టరునే అడుగు, అది నువ్వు అడగాల్సిన ప్రశ్న. పెళ్లి సంబంధం వాళ్లకు దాచకుండా చెప్పు. అంటుకునేది కాదని, షటిల్ ఆడుతున్నానని కూడా చెప్పు.

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. తిరుపతిలో ఉంటాం. సంక్రాంతికి ఊళ్లో చెనక్కాయలు తింటూ పరిగెడుతుండగా ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరై దగ్గాడు, తర్వాత సర్దుకున్నాడు. అప్పటినుంచి దగ్గు, ఒక పక్క పిల్లికూత. ఆస్తమా అని నెబ్యులైజర్ పెడుతున్నారు. ఎక్స్‌రే బాగుందన్నారు. ఇంకొకరికి చూపించాలా?

జవాబు: ఈ ఉత్తరం చూడగానే పత్రిక ఆఫీసు ద్వారా ఆ తల్లికి ఫోన్ చేయించి, అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని చెప్పాం. చెనక్కాయలు పండించే జిల్లా మనది, పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలియాలి కాబట్టి జవాబు ఇక్కడా రాస్తున్నాను. ఆడుకుంటూ, నవ్వుతూ, ఏడుస్తూ గింజలు తిన్న పిల్లాడు ఉన్నట్టుండి దగ్గి, ఆ తర్వాత ఒక వైపే పిల్లికూత మొదలైతే, గింజ ముక్క గాలి గొట్టంలో ఇరుక్కుందేమో అని చూడాలి. గింజ ఎక్స్‌రేలో కనపడదు, ఫిల్ము మామూలుగా ఉండొచ్చు. నెబ్యులైజర్‌తో అది బయటికి రాదు. ఆలస్యమయ్యే కొద్దీ దాని వెనక చీము పట్టి న్యుమోనియా అవుతుంది. మత్తు ఇచ్చి గొట్టంతో లోపలికి చూసి తీయాలి. ఈ వయసులో స్పైరోమెట్రీ చేయలేం కాబట్టి తల్లి చెప్పే మాటే పరీక్ష. డాక్టరు అడగకపోయినా ‘తింటూ ఉక్కిరిబిక్కిరయ్యాడు’ అన్న మాట అన్నిటికన్నా ముందు చెప్పండి. ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు బిడ్డకు ఏమీ తినిపించకండి, మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. ఐదేళ్లలోపు పిల్లల చేతికి విడి గింజలు ఇవ్వొద్దు. పొడి కొట్టి అన్నంలోనో, చట్నీ చేసి ఇడ్లీతోనో పెట్టండి.